ప్లాస్టిక్ బకెట్‌కి క్లిప్పు

ఆ చలికాలం మా ఇంట్లో బీరువా ముట్టుకుంటే చాలు, చురుక్కుమనేది. అన్నయ్య ప్రతిసారీ ఉలిక్కిపడి ఎలక్ట్రీషియన్‌ని తిట్టేవాడు. మా వదిన బడిలో సైన్సు చెబుతుంది. ఇంట్లోనూ చెబుతుంది, అదే మా ఖర్మ.

"అతన్నెందుకు తిడతారు? మీ స్వెటర్‌ని తిట్టండి," అంది ఒకరోజు భోజనాల దగ్గర. దువ్వెనను జుట్టుకు రుద్ది కాగితం ముక్కల దగ్గర పెట్టింది. అవి ఎగిరొచ్చి అతుక్కున్నాయి. "రెండు వస్తువులు రాసుకుంటే ఒకదాంట్లోని ఎలక్ట్రాన్లు రెండోదాంట్లోకి పోతాయి. వచ్చిచేరిన వైపు రుణావేశం, పోగొట్టుకున్న వైపు ధనావేశం. ఒకే రకమైతే తోసుకుంటాయి, వేరు రకాలైతే లాక్కుంటాయి. లోహంలో ఆ ఛార్జ్ పారిపోతుంది. ప్లాస్టిక్‌లో పారదు. పారదు కాబట్టే..."

"చాల్లే పంతులమ్మా, అన్నం చల్లారిపోతోంది," అన్నాడు అన్నయ్య. నేను పకపకా నవ్వాను. వదిన దువ్వెన పక్కన పెట్టేసి కూర వడ్డించింది.

ఇంటి వెనకే మా స్క్రీన్ ప్రింటింగ్ షాపు. రంగులు కలిపేది నేను, స్టెన్సిళ్లు కోసేది అన్నయ్య. వెంట్రుకవాసి గీతనైనా చాకు మొనతో తెగకుండా తిప్పుతాడు. ఆ కుడిచెయ్యి మీదే మా అందరి బతుకూ నడుస్తోంది.

స్క్రీన్లు కడగడానికి ఇనుప పీపాలోంచి రేకు డబ్బాలోకి థిన్నర్ పట్టుకుంటాం, పెట్రోల్‌లా ఇట్టే అంటుకునే ద్రవం. పట్టేముందు పీపాకీ డబ్బాకీ మధ్య రాగితీగ క్లిప్పులు తగిలించాలి. పీపా నుంచి ఇంకో తీగ నేలలోకి పోతుంది. తాతయ్య తగిలించాడు, నాన్న తగిలించాడు, మేమూ తగిలిస్తున్నాం. ఎందుకని ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

ఆ వారమే రేకు డబ్బాకి చిల్లుపడింది. అన్నయ్య కొత్త ప్లాస్టిక్ బకెట్ పట్టుకొచ్చాడు.

"మీ వదిన చెప్పింది కదే, ప్లాస్టిక్‌లో పారదని! ఇక షాకుల గోలే ఉండదు," అన్నాడు గొప్పగా. అయినా అలవాటు ఎక్కడికి పోతుంది? క్లిప్పు తీసి బకెట్ ఇనుప హ్యాండిల్‌కి గట్టిగా తగిలించి, కుళాయి తిప్పాడు.

బకెట్ సగం నిండిందో లేదో, చిటుక్కుమంది. మరుక్షణం భగ్గుమంది.

అన్నయ్య చొక్కా కుడిచెయ్యి మండుతోంది. ఆ మండే చేత్తోనే వాడు కుళాయి కట్టేశాడు. నేను తడి గోనెసంచి వాడి చేతికి చుట్టి, మూలనున్న ఇసుకంతా మంటల మీద గుమ్మరించాను. మంట ఆరింది.

"క్లిప్పు పెట్టానే! పెట్టానా లేదా, నువ్వు చూశావుగా?" వాడు అదే మాట మళ్లీమళ్లీ అడిగాడు. కేకలు విని పరుగెత్తుకొచ్చిన వదిన కరిగిపోయిన బకెట్‌నీ, నల్లబడిన హ్యాండిల్‌ని ఇంకా పట్టుకునే ఉన్న క్లిప్పునీ చూసింది.

ఆసుపత్రిలో డాక్టరు కట్టు కట్టి, ప్రాణానికి భయం లేదన్నాడు. చూపుడువేలు మాత్రం ఇక వంగదన్నాడు. చాకు పట్టేది ఆ వేలితోనే.

"పారదని చెప్పింది నేనే. నా నోరు పడిపోను," అని వదిన భోరుమంది.

"చెబుతుంటే ఆపింది నేను. 'పారదు కాబట్టే' దగ్గర ఆపాను," అన్నాడు అన్నయ్య. "మిగతాది చెప్పు."

వదిన కళ్లు తుడుచుకుంది. "పారదు కాబట్టే పుట్టిన ఛార్జ్ పుట్టినచోటే పోగుపడుతుంది. థిన్నర్ కారుతుంటే రాపిడికి ఛార్జ్ పుడుతుంది. రేకు డబ్బా అయితే తీగలోంచి నేలలోకి పోయేది. క్లిప్పు పట్టుకున్నది హ్యాండిల్‌నే, బకెట్‌ని కాదు. ప్లాస్టిక్‌లో దారి లేక, దగ్గర్లో ఉన్న ఆ ఇనుము మీదికి నిప్పురవ్వై దూకి థిన్నర్ ఆవిరిని అంటిస్తుంది."

అన్నయ్య కట్టుకేసి చూశాడు.

"అంతేనా?" అన్నాడు. "ఈ రెండు ముక్కలు వింటే అన్నం చల్లారిపోతుందన్నానా నేను?"