అమలమ్మ వాయించని ఖాళీలు

అమలమ్మ ఆ కాగితం తీసి లెగ్ హార్మోనియం ముందు కూర్చుందంటే, చర్చి కాంపౌండులో పొయ్యి మీద పాలు పొంగవు. స్వరం వినపడినంత మేరా, కాంపౌండు గోడ దాకా, కాలం ఆగిపోతుంది, వాయించే ఆమెకు తప్ప. వేలు తీయగానే ఎవరి పనిలో వాళ్లు పడతారు. పాలు పెట్టిన ఆడవాళ్లకు అదొక నిశ్చింత.

స్వరాలు రాసిన ఆ కాగితం ఫాదర్ లూయీ వదిలి వెళ్లింది. వాళ్ల దేశంలో కొత్తరకం సంగీతమట. తాళం లేదు. పొడుగ్గా ఒక స్వరం, తర్వాత ఖాళీ, మళ్లీ స్వరం. ఖాళీని కూడా వాయించాలమ్మా అని ఆయన నెత్తీనోరూ బాదుకున్నారు. అమలమ్మ వింటేనా! గుడిలో పాట మధ్య ఆగితే మర్చిపోయిందని జనం తలలు తిప్పి చూస్తారు. ఆదివారం పూజల్లో వాయించిన ఇరవై ఏళ్ల అలవాటు, ఖాళీ కనపడితే నింపేసేది.

డెబ్బై నాలుగు డిసెంబరులో ఒక ఉదయం, కాంపౌండులోనే ఉన్న వాళ్లింట్లో, ఆమె తండ్రి శౌరయ్యకి ఉబ్బసం ముదిరి ఊపిరి అందలేదు. డాక్టరు గారు గన్నవరం వెళ్లారు, గంటలో వస్తారని పక్కింటి దానమ్మ కబురు తెచ్చింది. తండ్రి గంట ఆగే మనిషిలా లేడు. అమలమ్మ కాగితం తీసి, కళ్లు మూసుకుని స్వరం పట్టింది. ఎంతసేపు తొక్కిందో తెలియదు. పిక్కలు రాళ్లయ్యాయి.

రోడ్డు మీంచి, డాక్టర్ని తెచ్చిన రిక్షా అతని కేక వినపడింది.

"అమ్మా, డాక్టరు గారు పొద్దున్నుంచీ గేటు దగ్గర అట్టాగే నిలబడి ఉన్నారండీ."

అమలమ్మ వేలు తీయకుండానే కళ్లు తెరిచి చూసింది. గోడ ఇవతల ఇంకా ఉదయపు ఎండ, అవతల రోడ్డు మీద పొద్దు వాలుతోంది. సంచీ పట్టుకుని, ఒక కాలు లోపల పెట్టి డాక్టరు ఆగిపోయి ఉన్నాడు. తండ్రికి అందాల్సిన మందుని పొద్దున్నుంచీ తనే ఆపింది.

స్వరం వదిలేస్తే డాక్టరు మంచం చేరేలోపే తండ్రి పోవచ్చు. పట్టుకుంటే డాక్టరు ఎప్పటికీ రాడు. కాగితం వంక చూసింది. ఏడు అంకెలు లెక్కపెట్టేంత ఖాళీ.

వేలు తీసింది. డాక్టరు ఏడడుగులు వేశాడు. శౌరయ్య ఛాతీ ఒక్కసారి ఎగిసిపడింది. వేలు పెట్టి తన ఊపిరి తను పీల్చుకుంది. మళ్లీ తీసింది. డాక్టరు వరండా ఎక్కాడు. మూడో ఖాళీలో సూది దిగింది. ఆ తర్వాత ఆమె వేలు పెట్టలేదు.

చీకటి పడ్డాక శౌరయ్య కూతుర్ని పిలిచాడు.

"ఇన్నాళ్లూ ఆ కాగితం పెట్టుకుని నువ్వు వాయించింది నాకెప్పుడూ వినపడలేదమ్మా. ఇవాళ ఆపావే, అది వినపడింది."

అమలమ్మ కాగితం విప్పి, ఖాళీలన్నీ మళ్లీ ఒకసారి చూసుకుంది.

ఆదివారం పూజలో, పాట మధ్య ఆమె మీటల మీంచి చేతులు తీసి ఆగింది. గుడంతా ఉలిక్కిపడి తలలు తిప్పింది. ఆ ఖాళీలో, మూడో వరసలో కూర్చున్న శౌరయ్య ఊపిరి పీల్చుకోవడం అందరికీ వినపడింది.