అర్ధాంగీకారం

పొద్దున్నే గవర్నరు సెక్రటరీ తిన్నగా వంటగదిలోకొచ్చి వంటమనిషిని అడుగుతాడు: "అమ్మగారు ఇవాళ ఏమన్నారు?"

ఇంట్లో ఆవిడ ఏమంటే, కాస్త అటూ ఇటూగా బయట గవర్నరు నోట్లోంచి అదే వస్తుంది మరి. పెళ్ళైన దగ్గర్నుంచీ అంతే. ఓసారి పాలవాడి మీద విసుక్కుని, "ఇవేం నీళ్ళయ్యా! రేపూ ఇలాగే పోశావో, తోలు తీస్తా" అంది. నీటి శాఖ సమావేశంలో ఆయనా అదే అన్నాడు. దెబ్బకి ఊళ్ళో కొళాయిలన్నీ బాగుపడ్డాయి.

పేరు మాత్రం ఆయనకి. శిలాఫలకాల మీద 'సతీసమేతంగా' అన్న మాటలో ఎక్కడో ఉంటుంది ఆవిడ. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా!

ఇప్పుడు కాన్పుల ఆస్పత్రి మూసేసి, ఆ స్థలం హోటలుకిద్దామని మంత్రి పట్టుబట్టాడు. హోటలు కట్టేది ఆయన బావమరిదే. ఇక్కడేమో వంటమనిషి కూతురికి నెలలు నిండాయి. దగ్గర్లో ఇంకో ఆస్పత్రి లేదు.

"దాన్ని మూయొద్దండీ" అందావిడ, సాయంత్రం మొగుడు కాఫీ తాగుతుంటే.

"ఈ సంగతులు నీకెందుకే? నీ పని చూసుకో."

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. "నా మాటలు కావాలి గానీ నేనక్కర్లేదా? రేపు నోరు విప్పితే ఒట్టు!"

ఆయన నోట మాట రాకపోతే ఉత్తర్వూ రాదని ఆవిడ ధీమా.

మర్నాడు ఆస్పత్రి సంగతి తేల్చే సభ టీవీలో వస్తుంటే ఆవిడా, వంటమనిషీ ముందు కూర్చున్నారు. గవర్నరు లేచాడు, నోరు తెరిచాడు, మూశాడు. మళ్ళీ తెరిచాడు. సభంతా చూస్తోంది. మంత్రి చటుక్కున అందుకున్నాడు.

"మౌనం అర్ధాంగీకారం! రాసుకోండి సెక్రటరీగారూ, మూసివేతకి గవర్నరుగారు ఒప్పుకున్నారు."

వంటమనిషి ఆవిడ చెయ్యి పట్టేసుకుంది. "అమ్మా, మీ అలక నా కూతురి ప్రాణం మీదకొచ్చింది. మాట్లాడండమ్మా!"

ఒట్టు గట్టున పెట్టి అరిచిందావిడ. టీవీలో గవర్నరు మైకు పట్టుకుని, మాట పొల్లుపోకుండా అన్నాడు:

"అర్ధాంగిని నేనిక్కడ బతికే ఉన్నాను! నన్నడక్కుండా అర్ధాంగీకారం ఏంటి నీ మొహం? మూసేది లేదు, పోండి!"

ఎవరూ నవ్వలేదు. సెక్రటరీ ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. మంత్రి చెమట తుడుచుకుని కూర్చున్నాడు.

మర్నాడు పేపర్లనిండా గవర్నరు ఫొటోనే. 'ధీశాలి' అన్నారు. "ఎలా మాట్లాడానంటావ్?" అని ఆయన ఇంటికొచ్చి అడిగితే, ఆవిడకి చేతిలో గరిటె విసిరెయ్యాలనిపించింది.

అదే పూట ఆస్పత్రిలో వంటమనిషి కూతురు ఆడపిల్లని కంది. పిల్ల పుడుతూనే వార్డంతా అదిరేలా గుక్కపట్టి ఏడ్చింది. ఆవిడ పరుగున వెళ్ళి, ఆ ఏడుపు ఎక్కణ్ణుంచి వస్తోందో వంగి మరీ చూసుకుంది. పిల్ల నోట్లోంచే.