ఫిరంగి పట్టని వంతెన

వారమంతా వంతెనల లెక్కలతో కుస్తీ పట్టే ఇంజనీరుకి ఆదివారం మధ్యాహ్నమయ్యేసరికి ఇంట్లో కాలు నిలిచేది కాదు. టైర్ల దుకాణం మీది గదిలో వాళ్ల క్లబ్బు. బల్లలన్నీ కలిపి ఆకుపచ్చ గుడ్డ పరిచి, అట్టతో కొండలు, నీలం రంగు రేకుతో ఏరు పేర్చి, వేలెడంత సీసపు సైనికులతో యుద్ధాలు ఆడేవాళ్లు. ఏ దండు ఎంత దూరం నడవచ్చో టేపుతో కొలిచేవాళ్లు, దెబ్బ తగిలిందో లేదో పాచికలు వేసి తేల్చేవాళ్లు. బయటివాళ్లకి అది బొమ్మలాట, వాళ్లకి మాత్రం ప్రాణం.

ఆ గదిలో ఇంజనీరు మాటకి తిరుగులేదు. బల్ల మీది కొండలు, ఇళ్లు, గోడలు అన్నీ అతని చేతి పనే. గెలుపులూ ఎక్కువగా అతనివే.

"ఈ ఆట మాలాంటి ఇంజనీరు బుర్రల కోసమే పుట్టింది. దూరమెంత, బరువెంత, అవకాశమెంత, అంతే. లెక్క వేసినవాడు గెలుస్తాడు, వెయ్యనివాడు పాచికల్ని తిట్టుకుంటాడు" అనేవాడు.

క్లబ్బు నడిపేది ఒక రిటైర్డ్ లైబ్రేరియన్. అందరూ మేడమ్ అనేవాళ్లు. "ఇక్కడ సగం మంది ఇంజనీర్లేగా, అయ్యుండొచ్చు" అని ఆవిడ నవ్వేసేవారు. ఆ నవ్వు కూడా అతనికి సర్టిఫికెట్టులానే ఉండేది.

అలా సాగిపోతున్న రోజుల్లో తోడల్లుణ్ణి తనే చేతులారా తెచ్చుకున్నాడు.

తోడల్లుడు పళ్ల డాక్టరు. కొత్తగా ఆ ఊరికి మారాడు. "మా మరిదికి ఇక్కడ ఎవరూ తెలీదు. ఆదివారం పూట మీ వెంట తీసుకెళ్లండి, పాపం" అంది భార్య. సరే, చూసి నేర్చుకుంటాడులే అనుకున్నాడు ఇంజనీరు. ఎదురుగా కూర్చుని నోరు తెరుచుకుని చూసే మనిషి ఒకడుంటే మంచిదే అని కూడా అనుకున్నాడు.

డాక్టరు మొదట్లో వరసగా ఓడిపోయాడు. ఓడిపోతూనే అందరితోనూ కబుర్లాడాడు. తర్వాత తన పనిముట్ల డబ్బా తెచ్చి, సన్నటి బ్రష్షుతో సైనికులకి మీసాలు, చొక్కా గుండీలు, బూట్లకి అంటిన బురద కూడా దిద్దడం మొదలుపెట్టాడు. జనం అతని చుట్టూ మూగారు. ఇంజనీరు ఆ వారం కష్టపడి కట్టిన కోట ఓ పక్కన అలాగే ఉండిపోయింది, పలకరించిన నాథుడు లేడు.

తర్వాత డాక్టరు గెలవడం మొదలుపెట్టాడు. ఒకసారి అదృష్టమన్నారు, రెండోసారి పరవాలేదన్నారు. మూడోసారి ఇంజనీరు మీదే గెలిచాడు. అప్పుడు మేడమ్ కళ్లజోడు సర్దుకుని, "పొరపాటున డాక్టరయ్యారు కానీ, మీది అచ్చం ఇంజనీరు బుర్రండీ" అన్నారు.

ఓడినందుకు కాదు, ఆ మాటకి ఒళ్లు మండిపోయింది ఇంజనీరుకి. ఇన్నేళ్లలో అతనితో ఆ మాట ఎవరూ అనలేదు. అతనే చెప్పుకున్నాడు, అంతే.

"మొహం అలా మాడ్చుకున్నారేం?" అంది భార్య, ఇంటికి రాగానే.

"మీ మరిది గెలిచాడు."

"మంచిదేగా. మన మనిషే."

మన మనిషి కాబట్టే కడుపు రగిలిపోతోందని ఆమెకి ఎలా చెప్పడం? పరాయివాడైతే ఆ గదిలోనే వదిలేసి రావచ్చు. ఇతను పండ్ల సంచీతో ఇంటికొస్తాడు, పిల్లల్ని నవ్విస్తాడు, "అన్నయ్యా" అంటూ పక్కనే కూర్చుంటాడు.

ఏడాదికోసారి జరిగే పోటీల్లో చివరి ఆట ఆ ఇద్దరికే పడింది. మైదానం తయారు చేసే పని ఎప్పటిలాగే ఇంజనీరుది. డాక్టరు బలమంతా ఫిరంగుల్లో ఉంది. క్లబ్బులో ఒక నియమం ఉండేది: బల్ల మీద ఏ దారిలో బొమ్మ పట్టకపోతే ఆ దారిలో అది పోకూడదు. ఇంజనీరు ఏటి మీద అందమైన రాతి వంతెన కట్టాడు. రెండు పిట్టగోడల మధ్య దారిని ఫిరంగి చక్రాలకంటే వెంట్రుకవాసి సన్నగా ఉంచాడు. కంటికి తెలియదు. చక్రాలెక్కితేనే తెలుస్తుంది.

"ఎంత ముద్దుగా ఉందో. ఎవరికోసం?" అని అడిగింది భార్య.

"మీ మరిది కోసమే" అన్నాడు.

నిజం వంతెనలకి మాత్రం హద్దులుండవా అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. ఆ సమాధానం అతనికే రుచించలేదు.

ఆట రోజు అతని లెక్క పక్కాగా ఉంది. ఫిరంగులు వంతెన దగ్గరికొచ్చి ఇరుక్కుంటాయి, వెనక గుర్రాలు గుమిగూడతాయి, చెట్ల తోపులో దాచిన తన మేలైన దండు వాటి మీద పడుతుంది. డాక్టరు అనుకున్నట్టే ఫిరంగుల్ని వంతెన వైపు నడిపాడు. ఇంకొక్క అడుగు. అప్పుడతను తలెత్తి ఇంజనీరు మొహంలోకి ఓసారి చూశాడు. ఏమనుకున్నాడో, ఫిరంగుల్ని పక్కకి తిప్పి, ఏటికి దిగువన లోతు తక్కువున్న చోటు దాకా చుట్టు తిప్పి తీసుకెళ్లాడు. ఇంజనీరు దండు వంతెన దగ్గర కాపలా కాస్తూనే ఉండిపోయింది. టీ వచ్చేలోపు ఆట ముగిసింది.

"ఏం లెక్క వేశారండీ?" అని అడిగారు మేడమ్.

"లెక్కేం లేదండీ. నా దగ్గరికొచ్చేవాళ్లు నొప్పేం లేదంటూనే నాలుకతో ఆ పన్నే తడుముకుంటుంటారు. అన్నయ్య చూపు మాటిమాటికీ వంతెన మీదకే పోతోంది. అక్కడేదో ఉందనిపించింది."

"అయితే నా మాట వెనక్కి తీసుకుంటున్నా. మీది ఇంజనీరు బుర్ర కాదు. ఇక్కడ ఇంజనీరంటే ఈయనే" అని మేడమ్ ఇంజనీరు భుజం తట్టారు.

ఇన్ని వారాలు దేనికోసం కుళ్లిపోయాడో ఆ మాట వచ్చి ఒళ్లో పడింది. పుచ్చుకుందామంటే చేతులు రాలేదు.

సామాన్లు సర్దుతూ మేడమ్ సరదాకి ఒక ఫిరంగిని వంతెన మీదకి తోశారు. అది పిట్టగోడల మధ్య బిగుసుకుంది. "ఇదేమిటి, పట్టట్లేదే?" అన్నారు ఆవిడ.

"నాదే తప్పండీ" అన్నాడు డాక్టరు వెంటనే. "మొన్న చక్రాలు మార్చి కాస్త వెడల్పువి పెట్టాను. అన్నయ్యకి చెప్పడం మర్చిపోయా."

చక్రాలు పాతవే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇంజనీరు డాక్టరు వైపు తిరిగాడు. ఆట గెలిచాడు, జనాన్ని గెలిచాడు, ఇప్పుడు మంచితనం కూడా ఇతనికేనా? ఆ ఒక్కటి మాత్రం వదులుకోదల్చుకోలేదు.

"అతనేం మార్చలేదు. నేనే సన్నగా కట్టాను. కావాలనే" అన్నాడు.

డాక్టరు మొహంలో మొదటిసారి తడబాటు కనబడింది. అది చూసి ఇంజనీరుకి కాస్త హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు వెంటనే సిగ్గూ వేసింది.

మేడమ్ ఇరుక్కున్న ఫిరంగిని వంతెన మీంచి లాగి బల్ల మీద పెట్టారు. "పనితనం బాగుంది. బుద్ధే బాలేదు. కొన్నాళ్లు మైదానం పని డాక్టరుగారు చూస్తారు" అన్నారు.

మెట్లు దిగుతుంటే డాక్టరు వెనకాలే వచ్చాడు. "అన్నయ్యా, ఏరు చెయ్యడం నాకేం తెలుసు? మీరే నేర్పాలి."

పోవోయ్ అనబోయాడు. కానీ ఇతను రంగు ముందే పూసి అంతా పాడుచేస్తాడన్న ఆలోచనే భరించలేకపోయాడు. "ముందు గట్లు కట్టాలి. అవి ఆరాకే రంగు" అన్నాడు ముభావంగా.

వారం వారం వంటింటి బల్ల మీద పాత పేపర్లు పరిచి నేర్పాడు. నేర్పుతున్నంతసేపూ ఒకటే భయం, ఇది కూడా ఇతనికి వచ్చేస్తుందేమోనని. వచ్చేసింది. డాక్టరు చేసిన ఏట్లో నీళ్లు నిజంగా కదులుతున్నట్టున్నాయని క్లబ్బులో అందరూ వంగి వంగి చూశారు. ఇంజనీరు కూడా వంగి చూశాడు, అందరికంటే ఎక్కువసేపు. ఒక మూల గట్టు కింద జిగురు సరిగా అంటలేదు. అతనికి ప్రాణం లేచొచ్చింది.