పద్నాలుగో ప్రశ్న

ఆ రోజు ఫణికుమార్ నోరు విప్పలేదు. విప్పి ఉంటే అండాలు దొంగ అనిపించుకుని చనిపోయేది కాదు. ఈ విషయంలో కైలాసానికి అనుమానం లేదు. ఎవరితోనూ వాదించాల్సిన పని అంతకన్నా లేదు.

అండాలు అతని భార్య. లాడ్ బజార్‌కి రెండు గల్లీల అవతల, మేడ మీది ఒకే ఒక గదిలో, చదువు మధ్యలో మానేసిన ఆడపిల్లలకు పన్నెండేళ్లు బడి నడిపింది. పిల్లలంతా లక్క గాజులు చేసే ఇళ్లవాళ్లు. వాళ్లచేత పదో తరగతి పరీక్ష రాయించి ఒడ్డున పడేసేది. కిరాయికీ జీతానికీ ఒక ఫౌండేషన్ గ్రాంటు ఇచ్చేది. ఆ ఫౌండేషన్ తరఫున వారానికోసారి వచ్చి చూసిపోయే ఉద్యోగి ఫణికుమార్. కాకినాడ వైపు కుర్రాడు, మర్యాదస్తుడు. అండాలు చేతి చాయ్ వందసార్లు తాగినవాడు.

రంజాన్ పండగకు ముందు గాజుల పని ముమ్మరంగా ఉంటుంది. లక్క వేడి మీద ఉన్నప్పుడే రాయి కూర్చుంటుంది, చల్లారితే కూర్చోదు. కుంపటి దగ్గర తల్లి లక్క సాగదీస్తుంటే పక్కన కూతురు గబగబా రాళ్లు అద్దుతూ పోవాలి. ఆ నెల ఏ పిల్లా బడికి రాలేదు. అందుకని బడే వాళ్ల దగ్గరికి వెళ్లేది. పలక, పుస్తకాలు, హాజరు పట్టీ సంచిలో వేసుకుని అండాలు ఇల్లిల్లూ తిరిగేది. పిల్ల చేతులు పని చేస్తుంటే చెవులకు పాఠం చెప్పేది. చెప్పిన ప్రతి పిల్లకూ హాజరు వేసేది. ఆ సంచి మోస్తూ ఫణికుమార్ కూడా ఆమె వెంట తిరిగాడు.

ఆరేళ్ల కిందట ఆ నెలలోనే పైనుంచి తనిఖీకి వచ్చారు. గది ఖాళీ. పట్టీలో ముప్పై ఒక్కమంది హాజరు. తప్పుడు హాజరు అని రాసుకున్నారు. పక్కనే ఉన్న ఫణికుమార్ నేల చూపులు చూశాడు. గ్రాంటు నిలిపేశారు. ఏడాది తిరగకుండానే అండాలు పోయింది. డాక్టరు షుగర్ అన్నాడు. డాక్టర్లు అట్లాగే అంటారని కైలాసం ఊరుకున్నాడు.

బడి మాత్రం మూతపడనివ్వలేదు. భువనగిరి పక్క పల్లెలో ఏడో తరగతి దాకా చదివి, అఫ్జల్‌గంజ్ గోదాముల్లో ముప్పై నాలుగేళ్లు కాంటా దగ్గర తూకం వేసిన మనిషి అతను. పాఠం చెప్పలేడు. అండాలు దగ్గర అప్పుడే పది పాసై, ఆ తర్వాత డిగ్రీ దాకా వెళ్లిన ఉమ్మే హానీని పిలిచి తాళంచెవి చేతిలో పెట్టాడు. దాచుకున్న సొమ్ముతో కిరాయి కట్టాడు. ఈ రంజాన్‌తో ఆ సొమ్ము అడుగంటింది. పండగ లోపల వేరే దారి దొరకకపోతే గది ఖాళీ చేయాలి.

"ఇచ్చెటోళ్లు మస్తుమంది ఉన్నరు బాపూ," అంది ఉమ్మే హానీ. "ఎవరిది తీసుకోవాలె అన్నదే చూడాలె."

"చూద్దాం. ముందు పాసంగం తెలవాలె."

కాంటా మనిషికి అదొక్కటే శాస్త్రం. సరుకు వేయకముందే తక్కెడ ఏ పక్కకి ఒరుగుతుందో చూసుకోవాలి. ఒరుగుడు తెలియకుండా తూచినదంతా అబద్ధమే. అతను నల్లబల్ల మీద నాలుగు గడులు గీసి, పైన ఒకే ఒక ప్రశ్న రాశాడు: గాజుల నెలలో బడి ఎక్కడ ఉంటది?

మొదట సర్కారు పథకం. ఆఫీసు మెట్లు మూడు రోజులు ఎక్కి దిగాడు. అక్కడి గుమస్తా కాగితాల కట్ట ముందుకు తోసి, "ముందు మీరు ఖర్చు పెట్టండి, బిల్లులు తెండి, తర్వాత మేమిస్తం," అన్నాడు.

"పెట్టెటందుకు ఉంటే నీ దగ్గరికెందుకొస్త?"

"రూలు పెద్దాయనా."

"గాజుల నెలల బడి ఇండ్లల్ల పెడితే?"

గుమస్తా అతన్ని ఎగాదిగా చూశాడు. "గిదేమన్న పాలప్యాకెట్టా, ఇంటింటికి వేసెటందుకు?"

కైలాసం వచ్చి బల్ల మీద మొదటి గడిలో అడ్డగీత కొట్టాడు.

రెండోది సామాజిక వ్యాపారాలకు పెట్టుబడి ఇచ్చే సంస్థ. అద్దాల గదిలో ఒక యువకుడు నవ్వుతూ కుర్చీ చూపించాడు. పిల్లలు చేసే గాజులకు ఒక పేరు పెడదామన్నాడు, డబ్బా వేద్దామన్నాడు, దేశమంతా అమ్ముదామన్నాడు. మూడేళ్లలో పెట్టిన సొమ్ము తిరిగి రావాలన్నాడు.

"మరి బడి?"

"బడి కూడా ఉంటుంది అంకుల్. వ్యాపారం నిలబడ్డాక."

"గాజుల నెలల?"

"ఆ నెలే కదా మనకి అమ్మకం! ఆ నెల డబుల్ షిఫ్టు."

కైలాసం లేచి దండం పెట్టాడు. కోపంతో కాదు. వాడి దగ్గర అబద్ధం లేదు, బడి లేదు, అంతే.

మూడోవాడు జాఫర్ భాయ్. గాజుల టోకు వర్తకుడు. బజార్లో నలుగురు వర్తకులతో కలిసి ఏటా రంజాన్‌లో జకాత్, లిల్లా దానాల సొమ్ము జమచేసి పంచుతాడు. కైలాసం అతని దుకాణంలో బల్ల అంచున కూర్చున్నాడు.

"జకాత్ పైసలతోని నీ ఫ్యాన్ తిరగదు కైలాసం భాయ్," అన్నాడు జాఫర్. "కిరాయి కట్టరాదు, టీచర్‌కి తన్‌ఖా ఇయ్యరాదు. గరీబు పిల్ల చేతిల పెట్టాలె, అంతే. పెట్టినంక అది ఆమె సొమ్ము. ఫీజు కడ్తదో, బుక్కులు కొంటదో, అడిగెటందుకు నేనెవర్ని?"

"మరి కిరాయి?"

"లిల్లా వేరే ఉంటది. అల్లా పేరు మీద ఇచ్చింది, ఏ మంచి పనికైనా పెట్టచ్చు. దాంట్ల కిరాయి ఇస్త. నీ బడిల పెంటమ్మ బిడ్డ పుష్ప ఉన్నది గదా, జకాత్ మావోళ్లకే చెల్లుతది, ఆమెకు దాంట్లనే ఇస్త. కాని ఒక్క మాట. పందొమ్మిదిమందికి మించి నాతోని కాదు. వచ్చే ఏడు బజార్ ఎట్లుంటదో ఎవనికెరుక?"

"గాజుల నెలల బడి?"

జాఫర్ నవ్వాడు. "గాజుల నెలల నీ బడి నా కార్ఖానాల పెట్టుకో. లక్క కాడ కూసుండి అండాలమ్మ చెప్పిన ఎక్కాలు నేను గూడ విన్న."

కైలాసం ఆ గడిలో ఏమీ కొట్టలేదు. పక్కన చిన్నగా పందొమ్మిది అని వేశాడు.

తను ఖాళీగా ఉంచమన్న నాలుగో గడి గురించి ఉమ్మే హానీ తలవంచుకుని చెప్పింది. పాత ఫౌండేషన్‌కే దరఖాస్తు పంపింది. అతనికి చెప్పకుండా. అరవై మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు, మూడేళ్ల గ్రాంటు. మొదటి వడపోత దాటింది. తనిఖీకి వస్తున్నారు. వస్తున్నది హరిప్రియ అనే కొత్త ఆఫీసరు, ఆమె మీది అధికారి ఫణికుమార్.

కైలాసం చేతిలోని సుద్దముక్క కింద పెట్టాడు.

"నలభై ఒక్కమంది పిల్లలు బాపూ," అంది ఉమ్మే హానీ. ఆమె వెనక్కి తగ్గలేదు. "పందొమ్మిదికి, అరవైకి మధ్యల నలభై ఒక్కమంది. వాళ్లను గల్లీల నిలబెట్టి, మా బాపుకు కోపమొచ్చింది, ఇండ్లకు పోండ్రి అని చెప్పుమంటవా? నీ పగకు వాళ్లెందుకు కట్నాలు చదివించాలె?"

మాట సూటిగా తగిలింది. తగలాల్సిన మాటే.

"రానియ్యి," అన్నాడు. "తూకం అందరికీ ఒక్కటే."

వాళ్లు వచ్చింది గాజుల నెలలోనే. గది ఖాళీ. ఉమ్మే హానీ సంచి వేసుకుని పిల్లల ఇళ్లకు పోయింది. హరిప్రియ హాజరు పట్టీ తిప్పింది, ఖాళీ చాపల వంక చూసింది, మళ్లీ పట్టీ వంక చూసింది. ఫణికుమార్ కిటికీ దగ్గర నిలబడ్డాడు. జుట్టు నెరిసింది, కాస్త ఒళ్లు చేశాడు.

"బాగున్నారా కైలాసం గారూ?"

కైలాసం అతన్ని దాటుకుని వెళ్లాడు. "బడి చూసెటందుకు వచ్చినవు గదమ్మా," అన్నాడు హరిప్రియతో. "చెప్పులు తొడుక్కో, పోదాం."

మూడో ఇంట్లో దొరికింది బడి. కుంపటి పొగలో కుబ్రా బీ లక్క సాగదీస్తోంది. ఆమె కూతురు ఆఫియా, పక్కింటి పుష్ప రాళ్లు అద్దుతున్నారు. ఉమ్మే హానీ గోడకు ఆనుకుని ప్రశ్నలు అడుగుతోంది.

"గాజుకు నలభై ఎనిమిది రాళ్లు. నాలుగొంతులల్ల మూడొంతులు ఎర్రయి. తెల్లయి ఎన్ని?"

"పన్నెండు!" అంది ఆఫియా తల ఎత్తకుండా.

"మీ టీచర్ లక్కల చెయ్యి పెట్టినా గిట్లనే అడుగుతది," అని నవ్విన కుబ్రా బీ గుమ్మం వైపు చూసి కళ్లు చిట్లించింది. ఆమె ముఖం విప్పారింది.

"అరే, ఫణి సార్! టీచరమ్మతోని సంచి మోస్కుంట వచ్చెటోళ్లు గదా మీరు! గీన్నే కూసునెటోళ్లు. షక్కర్ జ్యాదా అని నన్ను తిట్టి మళ్లా రెండో చాయ్ అడిగెటోళ్లు. మర్చిపోయిన్రా?"

పుష్ప కిసుక్కున నవ్వింది. హరిప్రియ నవ్వలేదు. తన అధికారి వైపు తిరిగి, "సార్, ఈ ఇళ్లకి మీరు ముందే వచ్చారా?" అని అడిగింది.

ఫణికుమార్ కుంపటి వైపు చూశాడు. "వచ్చాను," అన్నాడు.

గల్లీలోకి వచ్చాక కైలాసం తనిఖీ తర్వాత పంపాల్సిన తుది దరఖాస్తు కాగితాలు జేబులోంచి తీశాడు. పద్నాలుగో ప్రశ్న ఒక్కటే ఖాళీ. 'మీ సంస్థ మీద గతంలో ఏదైనా ఆరోపణ ఉందా? ఉంటే వివరించండి.'

"నువ్వు రాయి," అన్నాడు ఫణికుమార్‌తో. "నీకు తెలిసిందే రాయి."

"రాయలేనండీ." ఫణికుమార్ కాగితాలు ముట్టుకోలేదు. "పని చేసే పిల్లల దగ్గర పాఠాలు చెప్పించామని రాస్తే, పిల్లల చేత పని చేయించడానికి ఫౌండేషన్ ఒప్పుకున్నట్టవుతుంది. అప్పుడూ అదే భయం. ఇప్పుడూ అదే. నాకు సోమవారం దాకా టైమివ్వండి."

"ఆరేండ్లిచ్చిన. సోమవారం గూడ తీస్కో."

సోమవారం అతను రాలేదు. హరిప్రియ ఫోన్ చేసింది. ఫణికుమార్ గారు ఈ ఫైలు నుంచి తప్పుకున్నారని చెప్పింది. తర్వాత గొంతు తగ్గించింది. "సార్, ఆ పద్నాలుగులో 'కార్యాలయ పొరపాటు, సరిదిద్దుకున్నాం' అని రాయండి. అందరూ అదే రాస్తారు. మిగతావన్నీ బాగున్నాయి, వచ్చేస్తుంది. మీ మంచికే చెబుతున్నాను."

ఉమ్మే హానీ పెన్ను పట్టుకుని చాప మీద కూర్చుంది. ఇంగ్లీషు రాయగలిగింది ఆమే. సాయంత్రం లోపల పంపాలి. కైలాసం ఎదురుగా కూర్చున్నాడు. మూడే మూడు మాటలు. పొరపాటు అంటే అరవై మందికి బడి దొరుకుతుంది. కాని ఆ మాట రాస్తే అండాలు దొంగ హాజరు వేసిందని ఆమె మొగుడే ఒప్పుకున్నట్టు. ఆమె ఉన్నా ఏం చేసేదో అతనికి తెలుసు. పిల్లల కోసం తల వంచేది. ఆ ఆలోచనే అతన్ని ఎక్కువ బాధించింది.

"పగ సంగతి పక్కన పెడ్త," అన్నాడు చివరికి. "నువ్వు చెప్పు బిడ్డా. ఆ ముప్పై ఒక్కమందిల నువ్వొకదానివి. ఆ నెల నీ హాజరు దొంగదా?"

ఉమ్మే హానీ కాగితం మీంచి తలెత్తింది.

"ఆ నెల నువ్వేం నేర్చుకున్నవు?"

"భిన్నాలు," అందామె మెల్లిగా. "మా అమ్మ కుంపటి కాడ. రాళ్లతోని." ఇంకొంచెం సేపటికి, "అవే నేను ఇప్పుడు చెప్తున్న," అంది.

"పొరపాటని రాస్తే, నువ్వు నేర్వనట్టే గదా?"

ఆమె కాగితం దగ్గరికి లాక్కుంది. రాసింది. రాసి తెలుగులో చదివి వినిపించింది: "పని నెలలో పిల్లలు రాలేరు కాబట్టి టీచర్ వాళ్ల ఇళ్లకు వెళ్లి పాఠం చెప్పింది. హాజరు నిజం. ఆ ముప్పై ఒక్కమందిలో నేను ఉన్నాను. ఈ ఏడు కూడా అట్లాగే చెబుతున్నాం, ఇక ముందు కూడా చెబుతాం." కింద తన పేరు పెట్టింది. కైలాసం తెలుగులో సంతకం చేశాడు.

పది రోజులకు జవాబొచ్చింది. దరఖాస్తు నిబంధనలకు లోబడి లేదు. రెండే వాక్యాల ఉత్తరం.

ఉమ్మే హానీ ఏడ్చింది. కైలాసం ఓదార్చలేదు. లేచి నల్లబల్ల మీద నాలుగో గడి కొట్టేశాడు. మూడో గడిలో పందొమ్మిది అన్న అంకెకు చుట్టూ సున్నా చుట్టాడు. మిగిలిన నలభై ఒక్క పేర్లు ఉన్న కాగితాన్ని చింపలేదు. బల్ల పక్కన మేకుకు తగిలించాడు, రోజూ కళ్లబడేట్టు. మర్నాడే జాఫర్ భాయ్ దుకాణానికి పోయి, ఇంకో నలుగురు వర్తకుల పేర్లు అడిగి రాయించుకున్నాడు. అఫ్జల్‌గంజ్‌లో తన పాత గోదాము యజమానులు ముగ్గురున్నారు, వాళ్ల గడపలూ తొక్కాడు. పండగ నాటికి మేకు మీది కాగితంలో ఆరు పేర్లు కొట్టేశాడు. పందొమ్మిది పక్కన ఇరవై ఐదు పడింది.

పండగ దాటిన వారానికి, జాఫర్ కార్ఖానాలో ఆఖరి పాఠం అయ్యాక అతను సంచి భుజాన వేసుకుని వస్తుంటే గల్లీ మలుపులో ఫణికుమార్ ఎదురయ్యాడు. ఒంటరిగా వచ్చాడు. చేతిలో మిఠాయి పొట్లం ఉంది. ముఖం పీక్కుపోయి ఉంది.

"కైలాసం గారూ, ఒక్క నిమిషం. ఆ రోజు అండాలు గారి విషయంలో నేను..."

కైలాసం చెయ్యి ఎత్తి ఆపాడు.

"అది రాయించిన. మీ ఫైల్లనే ఉన్నది. పద్నాలుగో ప్రశ్న కింద. పొయ్యి చదువుకో." సంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "ఇంక ఆ మాట నా నోటెంట రాదు. నీతోని రాదు, ఎవ్వరితోని రాదు. సచ్చేదాక రాదు. తప్పుకో, పిల్లలు చూస్తున్నరు."