పోపు దగ్గర ఫోను

మునిర్కా ఫ్లాట్‌లో సుభద్ర పొద్దుటి పనులకి ఒక వరస ఉంది. పాలు కాచడం, కూతురు వైశాలికి డబ్బా కట్టడం, చిన్న గిన్నెలో కూర తీసుకుని హాల్లోకి వెళ్లి దాని మీద ల్యాండ్‌లైన్ రిసీవరు పట్టుకోవడం. అవతల పాలకొల్లులో పిన్ని మాణిక్యాంబ వాసన చూసి, వేగిందో ఇంకా వేగాలో చెబుతుంది. వైరు ఫోన్లో వాసన వెళ్తుందని తెలియనిదెవరికి? గాల్లో తిరిగే మొబైళ్లకే ఆ గుణం లేదు. అందుకే ఆ ఇంట్లో ల్యాండ్‌లైన్ ఇంకా తీయించలేదు.

రెండేళ్ల కిందటి జ్వరంలో సుభద్రకి వాసన తెలియడం పోయింది. ఉప్పూ పులుపూ నాలిక చెబుతుంది గానీ, మెంతులు వేగాయా మాడాయా అన్నది ముక్కే చెప్పాలి కదా. చుట్టుపక్కల తెలుగువాళ్ల సీమంతాలకీ పుట్టినరోజులకీ వండిపెట్టిన మనిషి. రెండుసార్లు పోపు మాడ్చేసరికి అందరూ మర్యాదగా పిలవడం మానేశారు. అది తల్చుకుంటే ఆవిడకి ఇప్పటికీ ఏడుపొస్తుంది.

ఇన్నాళ్లకి అశోకా రోడ్‌లో ఒక భోజనశాలకి వంటపెద్ద కావాల్సి వచ్చింది. మేనేజరు జనార్దనరావు ఈ మధ్యాహ్నం ఇంటికే వచ్చి దప్పళం రుచి చూస్తానన్నాడు. నచ్చితే రేపట్నుంచే రమ్మన్నాడు, నచ్చకపోతే ఏమీ అనుకోవద్దన్నాడు. సుభద్ర చెవిలో రెండో మాటే ఉండిపోయింది.

"గరిటె పట్టుకుని హాల్లోకి వెళ్లేలోపు మెంతులు బొగ్గయిపోతాయే వైశూ."

"అయితే ఫోన్నే పొయ్యి దగ్గరికి తెస్తా," అంది వైశాలి.

గుర్‌గావ్‌లో నెట్‌వర్క్ ఇంజనీరు మరి. సెలవు పెట్టి, నెట్‌వర్క్ కేబుల్ చుట్ట కొనుక్కుని, భుజాన వేసుకుని వచ్చింది.

"పనివాళ్లని పిలవరాదూ?"

"అమ్మా, నా పనే వైర్లు."

ఆ మాట కొంచెం ఎక్కువే. ఆఫీసులో ఈవిడ కంప్యూటరు ముందు కూర్చుని కమాండ్లు కొడుతుంది, వైర్లు లాగేవాళ్లు వేరే ఉన్నారు. అయినా ధైర్యానికేం లోటు లేదు.

కేబుల్లో తీగలు జంటలుగా మెలేసి ఉంటాయి. నీలం తీగ, దానికి చుట్టుకుని నీలం చార ఉన్న తెల్ల తీగ. ఆరెంజి తీగ, దానికి ఆరెంజి చార ఉన్న తెల్లది. ఫోనుకి రెండు తీగలు చాలు. పనిలో పనిగా ఇంకో రెండింటి మీద గేటు ఇంటర్‌కమ్ కూడా వంటింట్లోకి లాగేద్దామనుకుంది. మెలికలు విప్పి, తీగల్ని ఇస్త్రీ చేసినట్టు సాపుచేసి, తెల్లవి రెండూ ఫోనుకి, రంగువి రెండూ ఇంటర్‌కమ్‌కి కలిపింది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. గోడకి జాక్ బిగించి ఫోను తగిలిస్తే డయల్ టోన్ వచ్చింది.

సుభద్ర పాలకొల్లుకి ఫోన్ చేసి, ఉడుకుతున్న దప్పళం మీద రిసీవరు పట్టుకుంది.

"ఏవే, గుమ్మడికాయ ముక్కల్లో బీడీ ఏవిటే?" అంది మాణిక్యాంబ.

"బీడీయా?"

"బీడీయే. మీ బాబాయి కాల్చేవాడు, ఆమాత్రం నాకు తెలీదూ. అల్లం చాయ్ కూడా తగుల్తోంది."

గేటు దగ్గరి వాచ్‌మన్ భయ్యా, ఎవరూ విసిగించకుండా ఇంటర్‌కమ్ రిసీవరు ఎప్పుడూ పక్కన పడేసి ఉంచుతాడు. అతని బీడీ, అతని చాయ్ తిన్నగా దప్పళంలోకి దిగుతున్నాయి.

ఇంతలో మెట్రో దిగానని జనార్దనరావు మెసేజ్ పెట్టాడు. సుభద్ర స్టూలు మీద కూలబడింది.

"వద్దని చెప్పేద్దాం వైశూ. ముక్కు పనిచెయ్యనిదాన్ని, నాకెందుకీ ఆశ?"

వైశాలి జాక్ ఊడదీసింది. కాసేపు తేరిపార చూసి నాలిక కరుచుకుంది. ఒక జంట గొడవ ఇంకో జంటకి అంటకూడదనే కదా తీగల్ని అలా మెలేసేది. తను వాటిని విడదీసి పక్క జంటలతో కట్టబెట్టింది. ఆఫీసులో ఇంకెవరైనా ఇలా చేస్తే ఊరంతటికీ మెయిల్ పెట్టి దులిపేసేది. నీలానికి దాని తెలుపునీ, ఆరెంజికి దాని తెలుపునీ రెండు చివర్లా కలిపి, మెలిక జాక్ దాకా విడిపోకుండా బిగించింది.

"ఇప్పుడు చెయ్యమ్మా."

"ఆఁ, బీడీ పోయింది," అంది మాణిక్యాంబ. "కొత్త వైరు కాబోలు, నీ పక్కనే నించున్నట్టుంది. నూనె పెట్టు. ఎప్పుడు దింపాలో నేను చెబుతాగా."

నూనె కాగింది. సుభద్ర మెంతులు, ఆవాలు వేసి, ఎండుమిర్చి తుంపింది. రిసీవరు భుజానికీ చెంపకీ మధ్య నొక్కిపెట్టుకుంది. ఉన్నట్టుండి ఆవిడ చెయ్యి ఆగింది.

"పిన్నీ, నీ పొయ్యి మీద పాలున్నాయా?"

"ఉన్నాయి. ఏం?"

"అడుగంటుతున్నాయి."

అవతల రిసీవరు బల్ల మీద పడింది. పిన్ని చెప్పుల చప్పుడు వంటింటి వైపు వెళ్లిపోయింది. ఇక్కడ మెంతులు ఎర్రబడుతున్నాయి, ఎప్పుడు దింపాలో చెప్పేవాళ్లు ఎవరూ లైన్లో లేరు. సుభద్ర మూకుడు మీదికి వంగి గట్టిగా ఊపిరి పీల్చింది. మెంతుల చేదు, మిర్చి ఘాటు విడివిడిగా ముక్కుకి తగిలాయి. ఇంకొక్క క్షణం ఆగింది. ఇంగువ వేసి, మూకుడు దింపి దప్పళంలోకి వంచింది. కళ్లనీళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"గిన్నె మాడింది గానీ పాలు దక్కాయే," అంటూ మాణిక్యాంబ వచ్చింది. "ఊఁ, పోపు ఏదీ?"

"వేసేశాను పిన్నీ."

జనార్దనరావు అన్నంలో దప్పళం కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మళ్లీ వడ్డించమని పళ్లెం జరిపాడు. చెయ్యి కడుక్కున్నాక అన్నాడు.

"రేపు పొద్దున్నే వచ్చేయండి. మీకు పొయ్యి దగ్గర ఫోను కావాలని మీ అమ్మాయి చెప్పింది. అక్కడా ఒక జాక్ పెట్టిస్తాలెండి."

వైశాలి అప్పుడే స్క్రూడ్రైవరు అందుకుంది.

"అక్కర్లేదండీ," అంది సుభద్ర. "మా పిన్ని పాలు కనిపెట్టడానికి ఇంట్లో ఉన్న ఫోను చాలు."