వీరమ్మ అడిగిన తీరు

రాజమహేంద్రవరం మిషను బంగళాలో రోజూ పొద్దున్న ఏడింటికి దొరసానమ్మగారికి తెలుగు పాఠం. చెప్పేది జ్ఞానమ్మ. మిషను వారి ఆడపిల్లల బడిలోనే చదివి, పద్దెనిమిదేళ్లకి అక్కడే చిన్న తరగతి పంతులమ్మ అయింది. దొరసాని క్రిస్మసు నాటికి తెలుగు పరీక్ష ఇవ్వాలి. అందుకని రోజుకొక ఇంగ్లీషు మాట తీసుకుని, దానికి తెలుగులో ఎన్ని మాటలున్నాయో, ఏది ఎక్కడ వాడతారో రాయించుకునేది. బంగళాకి వచ్చినవాళ్లు చెప్పుకునేది దొరసానికి ఇంగ్లీషులో చెప్పడం కూడా జ్ఞానమ్మ పనే.

ఏరువాక వెళ్లిన వారానికి వీరమ్మ వచ్చింది. ధవళేశ్వరం దిగువన కాలవగట్టు పల్లె ఆమెది. కూతురు పాపాయితో పడవలో వచ్చి వరండా మెట్ల కింద నిలబడింది. పిల్ల చంకలో ఉతికిన పరికిణీల మూట ఉంది.

“కిందటేడు దొరగారు మా పల్లెకొచ్చినప్పుడు, పిల్లకి ఎనిమిదో ఏడు రాగానే బళ్లో చేర్చుకుంటానన్నారండి. వచ్చిందండి. చేర్చుకోండని అడగడానికొచ్చాను. ఇప్పుడు కాకపోతే కామందుగారి గొడ్లకాడికి పంపాలండి.”

అంతే. దండం పెట్టింది గాని వంగలేదు. కళ్లు తుడుచుకోలేదు.

జ్ఞానమ్మకి ఆ నిలబడ్డ తీరు నచ్చలేదు. పదేళ్ల కిందట ఇవే మెట్ల దగ్గర తన తల్లి, తనని బళ్లో చేర్చుకోమని అప్పటి దొరసాని కాళ్లు పట్టుకుని ఏడ్చింది. కొంగు నేలమీద పరిచింది. పక్కన నిలబడి తను పడ్డ సిగ్గు ఇన్నాళ్లకి మళ్లీ ఒంటికి తగిలింది. ఈవిడకి అదేదీ అక్కర్లేదా?

దొరగారు ఊళ్లో లేరు. “ఏమంటోంది?” అంది దొరసాని ఇంగ్లీషులో.

“డిమాండ్ చేస్తోందండి,” అంది జ్ఞానమ్మ కూడా ఇంగ్లీషులోనే. “దొరగారు మాటిచ్చారట, చేర్చుకుని తీరాలంటోంది.”

దొరసాని మొహం కందిపోయింది. అలా దబాయించేవాళ్లకి చోటు లేదని చెప్పమని లోపలికి వెళ్లిపోయింది.

“నేనన్నది చెప్పేవా, అమ్మాయీ?” అంది వీరమ్మ.

“చెప్పాను, అత్తా. ఖాళీ లేదంటున్నారు.”

“మరి ఆవిడ అలా ఎర్రబడిందేంటి?”

“దొరలు ఎండకి అలాగే అవుతారులే.”

వీరమ్మ పిల్ల చంకలోని మూట తీసి తన నెత్తిన పెట్టుకుని రేవుకేసి నడిచింది.

నాలుగు రోజులు జ్ఞానమ్మకి అన్నం సయించలేదు. అయిదోనాడు పాఠానికి దొరసాని తీసిన మాట ‘ఆస్క్’.

జ్ఞానమ్మ చెబుతూ రాసింది. అడగడం. బతిమాలడం. ప్రాధేయపడడం. దేబిరించడం. ఆ మాట దగ్గర తల్లి పరిచిన కొంగు కళ్లముందుకొచ్చింది. చివర నిలదీయడం అని రాసింది.

దీనికి ఉదాహరణ దొరికిందని దొరసాని సంబరపడింది. “నిలదీయడం. మొన్న వచ్చిన ఆవిడ. అవునా?” అంది తెలుగులో, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ.

జ్ఞానమ్మ కలం కింద పెట్టింది.

“కాదండి. ఆవిడ అడిగింది, అంతే. నేనే... పొరపాటున వేరే మాట చెప్పాను.”

వీరమ్మని అనవసరంగా పంపేశానని దొరసాని నొచ్చుకుంది. తనకైతే రోజుకి పది పొరపాట్లని నవ్వి, జ్ఞానమ్మ భుజం తట్టింది. రేపే వెళ్లి వాళ్లని పిలుచుకురమ్మంది. ఆ తట్టిన చోట జ్ఞానమ్మకి సాయంత్రం దాకా చెయ్యి ఇంకా ఉన్నట్టే అనిపించింది.

మర్నాడు ఆమె వెళ్లేసరికి వీరమ్మ కాలవ ఒడ్డున నారుకట్టల బురద కడుగుతోంది. అవతల గట్టు మీద పాపాయి గేదెల వెనక నడుస్తోంది.

“పొరపాటైంది, అత్తా. దొరసానమ్మగారు రమ్మన్నారు.”

“పొరపాటా?” వీరమ్మ నడుం ఎత్తింది. “నాకు ఇంగ్లీషు రాదు గాని కళ్లున్నాయి. నామాట చెప్పేటప్పుడు నావంక చూడకుండా గోడకేసి చూశావు. పొరపాటు చేసేవాళ్లు అలా చూడరమ్మా.”

వీరమ్మ కడిగిన కట్ట గట్టు మీద పెట్టింది.

“నా పిల్ల రేపు నీ చేతికింద ఉండాలి. నువ్వు చేసిందేంటో ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పు. చెప్పేనని మళ్లీ వచ్చి నాతో అను. అప్పుడు పంపుతాను.”

తిరుగు పడవలో జ్ఞానమ్మ మాటలు వెతుక్కుంది. తొందరపాటు అనొచ్చు. ఒంట్లో బాగాలేదనొచ్చు. రేవు వచ్చింది. బంగళా మెట్లెక్కి, తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చెప్పింది.

“పొరపాటు కాదండి. కావాలనే అలా చెప్పాను.”

“ఎందుకు?”

“మా అమ్మ ఇక్కడ ఏడ్చిందండి. ఆవిడ ఏడవలేదు.”

ఈసారి దొరసాని భుజం తట్టలేదు. బడిలో ఉద్యోగం తియ్యలేదు గాని, సోమవారం నుంచి పాఠానికి ఊళ్లోంచి ఒక పంతులుగారు రావడం మొదలెట్టారు. ఆ మంగళవారమే జ్ఞానమ్మ పల్లెకి వెళ్లి, వీరమ్మతో ఆ మాట అని, పాపాయిని తీసుకొచ్చింది.

పిల్ల ముందు వరసలో కూర్చుంటుంది. పదిరోజుల తర్వాత ఒకనాడు లేచి నిలబడింది.

“పంతులమ్మగారండీ, నా బలపం అరిగిపోయిందండి. ఇంకోటి...”

అడగడం పూర్తికాకముందే జ్ఞానమ్మ రెండు బలపాలు తీసి ఆ చేతిలో పెట్టింది. పెట్టేటప్పుడు మాత్రం పిల్ల మొహం చూడలేక గోడకేసి చూసింది.