లిఫ్టులో ఇచ్చిన మాట

జడ్జిగారు చాలా ఏళ్లు లాయరుగా వాదించారు, ఆపైన మంత్రిగా వెళ్లినచోటల్లా హామీలిచ్చారు. ఇప్పుడు పెద్ద కోర్టులో సీనియర్ జడ్జి. వేషం సులువుగానే మారింది. నోరు మాత్రం ఇంకా మంత్రిదే.

ఆ ఉదయం జడ్జిల లిఫ్టు పాడైంది. జనం లిఫ్టు ఎక్కితే ఓ టైలరమ్మ చేతులు జోడించింది.

"అయ్యా, మునిసిపాలిటీవాళ్లు నా ఇల్లు కూల్చేస్తారటండీ. కూల్చొద్దన్న స్టే ఇవాళ్టితో ఆఖరు. కేసు మీ దగ్గరికే వస్తోందట."

"ఏం భయం లేదమ్మా, నేను చూసుకుంటాగా!"

అనేశాక నాలుక కరుచుకున్నారు. వెనక మూలన మునిసిపాలిటీ లాయరు నిలబడి ముసిముసిగా నవ్వుతున్నాడు. ఒకప్పుడు ఆయన దగ్గర జూనియరే.

లిఫ్టు దిగాక పక్కన చేరాడు. "గురువుగారూ, పాత అలవాటు పోలేదన్నమాట!"

"అభ్యంతరం చెబుతావా?"

"అబ్బే, మీ మీదా? మధ్యాహ్నం కేసు పిలుస్తారుగా, అప్పుడు చూద్దాం లెండి."

చాంబర్లో కూర్చున్నా ఆ 'మధ్యాహ్నం' ఆయనకి మింగుడుపడలేదు. అప్పుడు అభ్యంతరం లేవనెత్తితే తాను తప్పుకోవాలి. కేసు మరో బెంచికి చేరేలోపు కోర్టు మూసేస్తారు, స్టే గాలికి పోతుంది. తెల్లారేసరికి ఇల్లు నేలమట్టం. ఈ ఎత్తు జూనియర్‌కి నేర్పింది ఆయనే.

ముందే తప్పుకోవాలంటే, చేసింది నలుగురిలో చెప్పుకోవాలి. మాజీ మంత్రి కక్షిదారుకి హామీ ఇచ్చాడంటే పేపర్లవాళ్లు ఊరుకుంటారా?

కోర్టు మొదలవగానే టైలరమ్మ కేసే పిలిపించారు.

"ఈ ఉదయం ఈవిడకి సాయం చేస్తానన్నట్టు మాట్లాడాను. అది తప్పు. ఈ కేసు నేను వినను. ఇప్పుడే వేరే బెంచికి పంపమని చీఫ్ జస్టిస్ గారిని కోరుతున్నాను."

జూనియర్ మొహాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. "మేం అభ్యంతరం చెప్పలేదు కదా, సార్!"

"మీరు చెప్పేదాకా ఆగలేకపోయాను. కూర్చోండి."

టైలరమ్మకి అర్థమైంది ఒక్కటే, ఈయన చేతులెత్తేశాడు. "లిఫ్టులో ఒక మాట, ఇక్కడో మాటా? మంత్రిగా ఉన్నప్పుడూ ఇంతేగా నువ్వు!"

"అమ్మా, తర్వాత తిడుదురుగాని, ముందు నడవండి!" అంటూ ఆవిడ లాయరు బయటికి లాక్కుపోయాడు.

భోజనాల వేళకి ముందే మరో బెంచి స్టే పొడిగించింది. ఆ కబురు క్లర్కు వంగి జడ్జిగారి చెవిన వేశాడు.

"ఆవిడ మాత్రం వరండాలో ఇంకా మిమ్మల్నే తిట్టిపోస్తోంది, సార్."

"తిట్టనీ. తర్వాతి కేసు పిలువు."